ఎబెనెజరు ఇంగ్లీషు పేరు కాదు

సంపాదకులకు నమస్కారం.

మా మనవడి పేరు ఎబెనెజరు. 'ఇంగ్లీషు వాళ్ల పేరు నీకెందుకురా' అని బడిలో ఎవరో అన్నారట. వాడు మొహం చిన్నబుచ్చుకుని ఇంటికొచ్చాడు. ఆ మాట నాకూ కష్టంగా అనిపించింది.

అది హీబ్రూ పేరు. మొదట మనిషి పేరు కూడా కాదు, ఒక రాయి పేరు. బైబిల్లోని మొదటి సమూయేలు గ్రంథంలో, ఇశ్రాయేలీయుల చేతిలో వాళ్ల శత్రువులైన ఫిలిష్తీయులు ఓడిపోయాక సమూయేలు ప్రవక్త మిస్పాకు, షేనుకు మధ్య రాయి నిలబెట్టి, ఇంతవరకు దేవుడు మనకు సహాయం చేశాడని చెప్పి దానికి ఆ పేరు పెట్టాడు. ఎబెన్ అంటే రాయి, ఏజెర్ అంటే సహాయం. అదే గ్రంథం నాలుగో అధ్యాయంలో, ఇశ్రాయేలీయులు ఓడిపోయి తమ పవిత్రమైన పెట్టె మందసాన్ని పోగొట్టుకున్న యుద్ధంలో వాళ్లు దిగిన చోటు కూడా ఎబెనెజరే. ఓటమికీ గెలుపుకీ ఒకే పేరు! ఎన్నిసార్లు చదివినా అక్కడ ఆగిపోతాను.

ఇంగ్లండులో ప్యూరిటన్లు అనే క్రైస్తవ వర్గం వాళ్లు దాన్ని పిల్లలకు పెట్టుకున్నారు. 1863లో ఫుట్‌బాల్ నియమాలు రాసిన మోర్లీ, ఉద్యాన నగరాల ఆలోచన ఇచ్చిన హోవర్డ్, ఇద్దరూ ఎబెనెజర్లే. మార్టిన్ లూథర్ కింగ్ తన తండ్రితో కలిసి పాస్టరుగా పనిచేసిన అట్లాంటా చర్చికీ ఇదే పేరు. మన ఊళ్లలో ప్రార్థన మందిరాలకూ పెట్టుకుంటాం.

మీ ఆదివారం పుస్తకంలో పిల్లల కోసం ఇలాంటి పేర్ల చరిత్ర వారానికొకటి వేయమని కోరుతున్నాను.

– ఒక రిటైర్డ్ టీచర్, తెనాలి