పొద్దు లేని పొద్దున్నలు

కాకినాడ
నవంబర్ 9, 2025

చిన్నీ తల్లీ,

నిన్న వీడియో కాల్‌లో నీ వెనక కిటికీ చూశా. నీకింకా మధ్యాహ్నం మూడున్నరే, బయట మాత్రం కాటుక పూసినట్టు ఉంది. ఎలా ఉన్నావే అంటే "బానే ఉన్నానమ్మా" అన్నావు. ఆ "బానే" నాకు బాగా తెలుసు. ఇరవైమూడేళ్ళ కిందట నార్వేలో అదే ట్రోమ్సోలో, టెలిఫోన్ కార్డు గీకి నంబరు నొక్కి మా అమ్మకి నేను చెప్పింది కూడా ఆ మాటే, ఆ గొంతుతోనే. అందుకే వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా పెట్టకుండా కూర్చుని ఉత్తరం రాస్తున్నా, తీరిగ్గా చదువు.

ఆ ఊరు నీకు తెలుసనే ధైర్యంతో వెళ్ళావు, నిజమే, పుట్టింది అక్కడే, తొమ్మిదేళ్ళు పెరిగింది అక్కడే. కానీ నీకు గుర్తున్నది చిన్నపిల్ల చీకటి. స్లెడ్జి మీద జారడం, ప్రతి కిటికీలో వెలిగే స్టార్లు, జనవరిలో జామ్ బన్నులు, ఇంటికొచ్చేసరికి వేడన్నం కలిపి పెట్టే అమ్మ. ఇప్పుడు హాస్టల్ గదిలో ఒక్కదానివే, యూనివర్సిటీ చదువు, నీ వంట నువ్వే. అది వేరు ఇది వేరు. నీకు నేనెప్పుడూ చెప్పని సంగతి ఒకటుంది, అది చెబుతా.

మీ నాన్నకి చేపల మీద రీసెర్చ్ పని వచ్చి మేం దిగింది 2002 ఆగస్టు మొదట్లో. రాత్రి పదింటికి కూడా బయట వెలుతురే, ఇదేం ఊరండీ నిద్రెలా పడుతుందీ అని కిటికీలకి దుప్పట్లు కట్టుకున్నా. ఇంత వెలుతురు ఉన్న ఊరు ఏమైనా చేస్తుందని ఎవరనుకుంటారు చెప్పు. సెప్టెంబర్ వచ్చాక రోజుకి పది నిమిషాల దాకా పగలు తరిగిపోవడం మొదలైంది. వారానికి గంట పైనే అన్నమాట. మన దగ్గర చలికాలం అంటే సాయంత్రం కాస్త ముందు దీపం పెడతాం అంతే కదా, అక్కడ కళ్ళముందే రోజు కరిగిపోతుంటే ఎవరో దొంగిలిస్తున్నట్టే ఉండేది నాకు. నవంబర్ 27 దగ్గరకొచ్చేసరికి సూర్యుడు అసలు పైకి రావడం మానేశాడు. వాళ్ళు దాన్ని మొర్కెతీద్ అంటారు, చీకటి కాలం. మళ్ళీ జనవరి 15 దాకా అంతే. ఊరు 69 డిగ్రీల ఉత్తరాన దాటి ఉంది కదా, ఆర్కిటిక్ సర్కిల్‌కి ఇంకా ఓ 350 కిలోమీటర్లు పైన.

నువ్వొకటి గమనించు, మన భాషలో టైమ్ చెప్పే మాటలన్నీ సూర్యుడికే కట్టేసి ఉంటాయి. పొద్దున్న, పొద్దుగూకడం, పొద్దుపోయాక, పొద్దస్తమానం. ఆ డిసెంబర్‌లో మా అమ్మ "పొద్దున్నే ఏం తిన్నావే" అని అడిగితే నాకు నోటమాట రాలేదు, పొద్దు ఎక్కడుందని పొద్దున్న? ఏడింటికి లేచినా చీకటే, తొమ్మిదింటికీ చీకటే. కర్టెన్ తీయడం మానేశా. మీ నాన్న వెళ్ళిపోగానే మళ్ళీ పడుకునేదాన్ని, మధ్యాహ్నం లేచి బ్రెడ్డు మీద వెన్న పంచదార వేసుకుని నాలుగైదు ముక్కలు తినేసి మళ్ళీ పడుకునేదాన్ని, రాత్రి రెండింటికి మెలకువొచ్చి తెల్లవార్లూ కూర్చునేదాన్ని, తెల్లవార్లూ అని రాశా చూడు, తెల్లవారేదే లేదు. తల దువ్వుకోవాలన్నా చేయి లేచేది కాదు. మీ నాన్న ఏమన్నా అంటే నీ వల్లే ఈ గుయ్యారంలోకి వచ్చానని అరిచేదాన్ని, పాపం ఆయన మాత్రం ఏం చేస్తారు. మా అమ్మ "ఎండ ఉందా అమ్మా అక్కడ" అంటే, "ఉందమ్మా, బానే ఉంది" అని చెప్పేదాన్ని. నెలన్నర పాటు ప్రతి ఆదివారం అదే అబద్ధం. ఆవిడ పోయేదాకా నిజం చెప్పలేదు నేను. ఆ బాధ ఇప్పటికీ ఉంది నాకు.

అది ఒంట్లో జరిగే మార్పని నాకప్పుడు తెలియదు, నా బుద్ధే చెడిపోయింది అనుకున్నా. తర్వాత తెలిసింది, చీకట్లో మెదడు మెలటోనిన్ అనే హార్మోన్ వదులుతుంది, నిద్రొచ్చేది దాంతోనే, పొద్దున్న కంటికి వెలుగు తగిలితే అది ఆగుతుంది. ఆ వెలుగే లేకపోతే ఒంట్లో గడియారం జారిపోతూ ఉంటుంది, పగలు మత్తు, రాత్రి మెలకువ, అన్నం కంటే తీపి మీద ధ్యాస. చలికాలం రాగానే పట్టుకుని వసంతం రాగానే వదిలే ఈ దిగులుకి అమెరికాలో నార్మన్ రోసెంథాల్ అనే డాక్టరూ ఆయనతో పనిచేసినవాళ్ళూ 1984లోనే పేరు పెట్టి రాశారు. అంటే నేను వెళ్ళేసరికే పద్దెనిమిదేళ్ళ పాత సంగతి, నాకు చెప్పినవాళ్ళు లేరు. నీకు నేనున్నా.

సరే, ఎలా బయటపడ్డానో చెబుతా. డిసెంబర్ మధ్యలో ఒకరోజు పదకొండు దాటాక కింద ఒకటే అల్లరి వినపడి కర్టెన్ పక్కకి జరిపా. బార్నెహాగె పిల్లలు, అంటే అక్కడి నర్సరీ బడి పిల్లలు, మూడేళ్ళూ నాలుగేళ్ళూ ఉంటాయేమో, పసుపుపచ్చ మెరిసే జాకెట్లు వేసుకుని ఒక తాడు పట్టుకుని వరసగా వెళ్తున్నారు, మా బిల్డింగ్ పక్క గట్టు ఎక్కి పిర్రల కింద ప్లాస్టిక్ పలక పెట్టుకుని జర్రున జారడం, పడి దొర్లడం, మళ్ళీ ఎక్కడం. ఒక బుడ్డోడు మంచులో వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తూ పాట పాడుతున్నాడు. అప్పుడు చూశా, అది నేననుకున్న చీకటి కాదు. దక్షిణం వైపు కొండల వెనక గులాబీ రంగు చార, మిగతా ఆకాశం మంచు అంతా నీలం, ఉజాలా కలిపిన నీళ్ళలాగా. డిసెంబర్ 21న కూడా మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఆకాశం అంచు కింద మూడు డిగ్రీల లోతులోనే ఉంటాడట, అంటే మనకి తెల్లవారుజామున ముగ్గు వేసేటప్పుడు ఉండే వెలుతురు, అది రెండు మూడు గంటలు ఉంటుంది. నేను మూడు వారాలుగా కర్టెన్ వేసుకుని దాన్ని పోగొట్టుకున్నా. మీ నాన్న పాత జాకెట్ వేసుకుని కిందికి దిగి పావుగంట నిలబడ్డా. ఆ రాత్రి ఏదో కాస్త నిద్ర పట్టింది. మర్నాడు అరగంట నడిచా. ఒక్కరోజులో మారిపోయిందని చెప్పను, ఆ చలికాలం అంతా కష్టమే, కానీ ఆ పదకొండున్నర నన్ను పట్టుకుని లాగింది.

ఆ సంక్రాంతికి మెట్ల దగ్గర మంచు చదును చేసి బియ్యప్పిండితో ముగ్గు పెట్టబోతే, తెల్లటి మంచు మీద తెల్లటి పిండి, ఏం కనపడుతుంది? చేతిలో పిండి గిన్నె పట్టుకుని ఏడుపొచ్చేసింది. తర్వాత పసుపు తెచ్చి గీశా. ఎనిమిది చుక్కల ముగ్గు, పసుపుతో, వీధి దీపం కింద. దారిన పోయేవాళ్ళు ఆగి చూసి తొక్కకుండా పక్కనుంచి నడిచారు. చిన్నప్పుడు నువ్వు అడిగేదానివి గుర్తుందా, మనం ఎల్లో ముగ్గు ఎందుకు వేస్తామని, అందుకే.

సూర్యుడు నిజానికి జనవరి 15 దగ్గరే అంచు మీదకొస్తాడు గానీ దక్షిణాన కొండలు అడ్డం, ఊళ్ళోకి కనపడేది 21కి. సూల్‌దాగెన్, సూర్యుడి రోజు. స్కూళ్ళలో సూల్‌బొల్లెర్, ఆ జామ్ బన్నులే, పంచుతారు, నువ్వు జామ్ అంతా గౌను మీద కార్చుకునేదానివి. నా మొదటి ఏడు ఆ రోజంతా మబ్బే. మూడు రోజులకి మబ్బు విడిపోయింది, నేను వంటింట్లో ఉన్నా, ఎండ అంత కిందనుంచి వస్తుంది కదా, కిటికీలోంచి అడ్డంగా దూసుకొచ్చి గది అవతలి గోడ మీద ఇంటినుంచి తెచ్చుకున్న తెలుగు క్యాలెండర్ మీద పడింది. గోరంత ఎండ. గాల్లో దుమ్ము కనపడింది, రెండు నెలల తర్వాత దుమ్ము చూశా నేను. గరిటె పక్కన పడేసి వెళ్ళి ఆ గోడకి చెంప ఆనించుకున్నా. ఐదారు నిమిషాలుందేమో.

మరుసటి ఏడు నువ్వు నవంబర్ 12న పుట్టావు, పదిహేనో రోజుకి సూర్యుడు వెళ్ళిపోయాడు, అందరూ బాలింతకి ఇంకా కష్టం అనుకున్నారు కానీ ఆ ఏడు నాకు తెలిసి చేసుకున్నా అన్నీ. నిన్ను ఉన్ని బట్టల్లో చుట్టి రోజూ పదకొండున్నరకి బండిలో పెట్టుకుని ప్రెస్ట్‌వన్నెట్ చెరువు చుట్టూ తిప్పేదాన్ని. మైనస్ ఐదులో హాయిగా నిద్రపోయేదానివి. ఫోటో పంపితే మా అమ్మ, పసిదాన్ని మంచులో పడుకోబెడతావటే అని నాలుగు రోజులు మాట్లాడలేదు.

అందుకని నువ్వు చేయాల్సినవి చెబుతా, విసుక్కోకు. మొదటిది, లేవడం ఒకే టైమ్‌కి, ఆదివారమైనా సరే. లేచిన గంటలోపు లైట్ పెట్టె, అదే పగటి వెలుగులా గట్టిగా వెలిగే దీపం, దాని ముందు కూర్చో, 10,000 లక్స్ అని రాసి ఉన్నదే కొను, తక్కువదైతే చాలా సేపు కూర్చోవాలి. అరగంట, కాస్త పక్కగా పెట్టుకో, దానివైపే గుడ్లప్పగించి చూడక్కర్లేదు, టిఫిన్ తింటూ చదువుకుంటూ చాలు. సాయంత్రం మాత్రం వద్దు, ఉన్న నిద్ర కూడా పోతుంది. త్రాన్ మొదలుపెట్టావా? కాడ్ చేప లివర్ నూనె, రోజుకి ఒక చెంచా, 5 మిల్లీలీటర్లలో 10 మైక్రోగ్రాముల విటమిన్ డి ఉంటుంది. పేరులో ఆర్ ఉన్న నెలలన్నీ తాగాలని అక్కడ ముసలివాళ్ళు చెబుతారు, అంటే సెప్టెంబర్ నుంచి ఏప్రిల్ దాకా. వాసన నచ్చకపోతే ఆవకాయ ముక్క నాలిక్కి రాసుకుని తాగు, నేనలాగే తాగేదాన్ని. జనవరి తర్వాత తాజా కాడ్ చేప, దాని లివర్, జన కలిపి ఉడికించి పెడతారు, ఎవరైనా పిలిస్తే వెళ్ళి తిను, మన పులుసు కాదని మొహం పెట్టకు, మంచిది.

బట్టల సంగతి. ఒంటికి తగిలేది ఉన్నే ఉండాలి, కాటన్ బనియన్ వద్దు, చెమట పట్టి తడిగా ఉండిపోయి ఒళ్ళు గడ్డకడుతుంది. సముద్రపు వేడి ప్రవాహం వల్ల ఆ ఊరికి అంత ఉత్తరాన ఉన్నా విపరీతమైన చలి రాదు, జనవరిలో కూడా మైనస్ మూడు నాలుగు మామూలు, అసలు ప్రమాదం చలి కాదు జారుడు. మంచు కరగడం మళ్ళీ గడ్డకట్టడం, రోడ్డు అద్దంలా అయిపోతుంది. షూకి తగిలించే ముళ్ళు, బ్రొడ్డెర్, బ్యాగ్‌లోనే పెట్టుకో. జాకెట్‌కి రిఫ్లెక్టర్ వేలాడదీయి, కుర్రాళ్ళు పెట్టుకోవట్లేదని నువ్వు మానకు, డ్రైవర్‌కి నువ్వు కనపడాలి.

గదిలో ఒక్కదానివే ఉండిపోవద్దు. అక్కడి జనం చీకటిని తిట్టుకుంటూ కూర్చోరు, గమనించావా, జనవరిలో ఫిల్మ్ ఫెస్టివల్ పెట్టుకుని ఊరి నడిబొడ్డున మంచులో తెర కట్టి సినిమా చూస్తారు, దీపాలు పెట్టిన దారుల్లో రాత్రి తొమ్మిదింటికి కూడా స్కీయింగ్ చేస్తారు. పిలిస్తే వెళ్ళు, పిలవకపోతే నువ్వే పిలువు, పప్పు చారు పెడతానని చెప్పు ఎవరైనా వస్తారు.

ఇంకోటి, డిసెంబర్ 4న మార్గశిర పౌర్ణమి. ఈ ఏడు చంద్రుడు అక్కడ ఆ పౌర్ణమి చుట్టుపక్కల కొన్ని రోజులు అస్తమించడు, ఆకాశంలో గుండ్రంగా తిరుగుతూనే ఉంటాడు. మబ్బు లేకపోతే మంచు మీద నీ నీడ నీకే కనపడుతుంది. తప్పకుండా చూడు.

ఇన్ని చేసినా, రెండు వారాలు దాటి ఏమీ చేయబుద్ధి కాక, ఊరికే ఏడుపొస్తూ, బతకడం ఎందుకనే ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, అప్పుడు లైట్ పెట్టెతో సరిపెట్టకు. నీ డాక్టర్ దగ్గరికి వెళ్ళు, రాత్రయితే అక్కడి డ్యూటీ డాక్టర్ల నంబరు 116 117కి ఫోన్ చెయ్యి, తర్వాత నాకు చెయ్యి, ఎంత రాత్రయినా. టికెట్ తీసుకుని వచ్చేస్తా. చదువు పోతుందేమో అనే భయం పెట్టుకోకు, నాన్న కూడా ఇదే చెప్పమన్నారు.

ఒక్కటి మాట ఇవ్వు. నీకు మధ్యాహ్నం పన్నెండు అంటే నాకు నాలుగున్నర. ఆ టైమ్‌కి నువ్వు బయట నడుస్తూ వీడియో కాల్ చెయ్యి, గదిలోంచి కాదు. ఎలా ఉన్నావని నేను అడగను, అడిగితే బానే ఉన్నా అంటావు. ఎన్నింటికి లేచావు, ఏం తిన్నావు, రాత్రి ఎప్పుడు మెలకువొచ్చింది, అవి అడుగుతా, ఉన్నదున్నట్టు చెప్పు. మాట్లాడబుద్ధి కాకపోతే మాట్లాడకు, ఫోన్ ఆ కొండల వైపు తిప్పి పట్టుకుని నడు చాలు, ఆ నీలం నేనూ చూసి పన్నెండేళ్ళయింది.

బుధవారం నీ పుట్టినరోజు. సున్నుండలు, ఆవకాయ, పసుపు పార్శిల్ చేశా, పసుపు కాస్త ఎక్కువే పెట్టా, సంక్రాంతికి మెట్ల దగ్గర ముగ్గుకి. నేను రేపట్నించి నాలుగున్నరకల్లా మేడ మీద ఉంటా, ఆ టైమ్‌కి వాటర్ ట్యాంక్ పక్కన ఇంకా ఎండ ఉంటుంది, ఫోన్ అటు పెడతా నీకు కనపడేలా.

మీ అమ్మ