సొంతంగా కట్టుకునే చిన్న గ్రేడర్‌కు కొలతలే ప్రాణం

సంపాదకులకు నమస్కారం.

పాత గార్డెన్ ట్రాక్టర్ భాగాలతో ఇంటి దగ్గరే చిన్న మోటార్ గ్రేడర్ (అడుగున ఉన్న పొడవైన బ్లేడుతో నేలను గీకి చదును చేసే యంత్రం) కట్టుకున్న ఔత్సాహికుల గురించి కథనాలు వచ్చినప్పుడల్లా ఫొటో, అయిన ఖర్చు, వాడిన తుక్కు సామాను వివరాలు ఉంటున్నాయి గానీ, ఆ యంత్రం నేలను ఎలా చదును చేయగలుగుతుందో చెప్పే వాక్యం ఒక్కటీ కనిపించడం లేదు. అటువంటిదాన్ని ఒకసారి తప్పుగా కట్టి, విప్పి, మళ్లీ కట్టినవాడిగా ఆ లోటును కొంతైనా పూరించాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇటువంటి పనికి దిగేవాళ్లు ముందుగా ఇంజిన్ బలం గురించి ఆలోచిస్తారు. నేనూ అదే చేశాను. ఆలోచించవలసింది చక్రాలకూ బ్లేడుకూ మధ్య ఉండే దూరాల గురించి.

మొదట నేను ట్రాక్టర్‌ను ఉన్నదున్నట్టే ఉంచి వెనక వైపు బ్లేడు బిగించాను. ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 120 సెంటీమీటర్లు. బ్లేడు వెనక ఇరుసుకు మరో 60 సెంటీమీటర్లు అవతల ఉంది. ముందు చక్రాలు 6 సెంటీమీటర్ల మిట్ట ఎక్కితే బ్లేడు 3 సెంటీమీటర్లు నేలలోకి దిగేది. అదే మిట్టను వెనక చక్రాలు ఎక్కినప్పుడు 9 సెంటీమీటర్లు పైకి లేచేది. ఎత్తుపల్లాలను చెరపవలసిన బ్లేడు వాటిని పెంచుకుంటూ పోయింది. వాన పడ్డాక బాట పొడవునా వరుసగా నీళ్లు నిలిచిన మడుగులు చూశాకే కాగితం, స్కేలు తీసుకుని కూర్చున్నాను.

గ్రేడర్‌లో బ్లేడు రెండు ఇరుసుల నడుమ ఉంటుంది. సరిగ్గా మధ్యలో ఉంటే ముందు చక్రాలు 6 సెంటీమీటర్లు లేచినా బ్లేడు 3 సెంటీమీటర్లే లేస్తుంది. వెనక ఒక్కో పక్క రెండేసి చక్రాలను ఒక దూలానికి బిగించి, ఆ దూలం నడిమి పిన్ను మీద ఊగేలా అమరిస్తే, రెండు దూలాల్లోనూ ఒక్కో చక్రం అదే 6 సెంటీమీటర్ల మిట్ట ఎక్కినప్పుడు పిన్ను దగ్గర 3, బ్లేడు దగ్గర ఒకటిన్నర సెంటీమీటర్లే మిగులుతుంది. అందుకే ట్రాక్టర్‌ను రెండుగా విడదీసి, ముందు ఇరుసును పొడవైన చట్రం చివరికి జరపడం తప్పదు. ట్రాక్టర్‌తో గ్రేడర్ కట్టడం చిన్నచూపు చూడవలసిన పద్ధతి కాదని కూడా చెప్పాలి: 1920 ప్రాంతంలో అమెరికాలో రస్సెల్ సంస్థ తనంతట తాను నడిచే గ్రేడర్‌ను తయారుచేసింది మరో కంపెనీ ట్రాక్టర్‌ను చట్రంలో అమర్చే. 1928లో ఆ సంస్థను కొన్న క్యాటర్‌పిల్లర్ 1931లో ఆటో పాట్రోల్ పేరుతో ఇంజిన్, చట్రం ఒకే యంత్రంగా రూపొందించిన గ్రేడర్‌ను తెచ్చింది.

రెండో విషయం మెకానిక్కులు ‘ప్లే’ అనే వదులు. బ్లేడును తిప్పే వలయం వ్యాసం 50 సెంటీమీటర్లు, బ్లేడు పొడవు 150 సెంటీమీటర్లు అనుకుంటే, వలయాన్ని పట్టి ఉంచే పట్టాల దగ్గర 2 మిల్లీమీటర్ల వదులు బ్లేడు ఒక కొనకూ మరో కొనకూ మధ్య 6 మిల్లీమీటర్ల తేడా అవుతుంది. పిన్నులకు లేత్ మీద తీసిన బుష్‌లు (పిన్ను చుట్టూ బిగువుగా కూర్చునే లోహపు గొట్టాలు) వేసి, పట్టాల కింద పలుచని రేకులు పెట్టుకుంటూ ఆ వదులు తీయడానికి పట్టిన సమయం చట్రం వెల్డింగ్‌కు కూడా పట్టలేదు. ఆ శ్రమ ఏ ఫొటోలోనూ కనబడదు.

ఇంజిన్ సంగతి క్లుప్తంగా చెబుతాను. ఇటువంటి తేలికపాటి యంత్రంలో 18 హార్స్‌పవర్ ఇంజిన్ ఆగిపోయేలోపే చక్రాలు జారిపోతాయి. కాబట్టి వెనక నాలుగు చక్రాలకూ చైన్లతో చలనం అందించడం, బరువు పెంచడం ఉపయోగపడతాయి. బ్లేడును ఏటవాలుగా తిప్పినప్పుడు మట్టి యంత్రం ముక్కును పక్కకు తోస్తుంది గనుక ముందు ఇరుసు మీద కూడా బరువు ఉండాలి. గడ్డి కోయడానికి ఉద్దేశించిన హైడ్రోస్టాటిక్ గేర్‌బాక్స్ (నూనె ఒత్తిడితో చక్రాలకు చలనం అందించేది) ఎడతెగని లాగుడుకు వేడెక్కుతుంది. మధ్యమధ్య ఆగి చేత్తో తాకి చూసుకోవాలి.

కథనాల్లో తప్పక ఉండాలని నేను గట్టిగా కోరేది భద్రత. చైన్లకు మూత లేని యంత్రం పక్కన పిల్లలు నిలబడిన ఫొటోను దయచేసి ప్రచురించకండి. హైడ్రాలిక్ గొట్టం సన్నగా కారుతుంటే చేత్తో తడమకూడదని, ఒత్తిడితో వచ్చే నూనె సూదిలా చర్మంలోకి దిగుతుందని, అది వెంటనే ఆస్పత్రికి వెళ్లవలసిన గాయమని రెండు వాక్యాల్లో రాయవచ్చు. ఎత్తిన బ్లేడు కింద పనిచేసేముందు దాన్ని ఎత్తి పట్టే హైడ్రాలిక్ సిలిండర్‌ను నమ్మకుండా దుంగలు పెట్టాలని మరో వాక్యం. పక్కన ఇరుసుల మధ్య దూరం, బ్లేడు ఉన్న చోటు చూపే చిన్న గీత బొమ్మ ఒకటి వేస్తే, దాన్ని చూసి పని మొదలుపెట్టే పాఠకుడు నాలా రెండుసార్లు కట్టుకోనక్కర లేదు.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు