మామునూరుకు వచ్చేది ఏ విమానం?

సంపాదకుడు గారికి,

మామునూరు విమానాశ్రయానికి 2025లో కేంద్రం పచ్చజెండా ఊపినప్పటి నుంచి ఓరుగల్లులో ఎక్కడ విన్నా భూసేకరణ, రన్‌వే పొడవు గురించే మాటలు. 1.8 కిలోమీటర్ల పాత రన్‌వేను పెంచడానికి నక్కలపల్లి, గాడెపల్లి రైతులు పచ్చని పొలాలు వదులుకోవాల్సి వస్తోంది. ఇంతా చేసి దిగబోయేది ఏ విమానమో మాత్రం ఎవరూ అడగడం లేదు.

నూట ఎనభై సీట్ల విమానం రోజూ నిండేంత రద్దీ మనకు వెంటనే రాదు. నిండకపోతే సర్వీసు ఎత్తేస్తారు. చిన్న పట్టణాలను విమానాలతో కలిపే కేంద్ర ప్రభుత్వ ఉడాన్ పథకంలో అలా ఆగిపోయిన రూట్లు ఎన్నో. మనకు కావలసింది పందొమ్మిది సీట్ల చిన్న విమానం. పొద్దున ప్రయాణికులను, మధ్యాహ్నం సరుకును మోసి, అత్యవసరమైతే సీట్లు తీసి స్ట్రెచర్ ఎక్కించుకోగలిగేది. ఆదిలాబాద్, బసంత్‌నగర్‌లలోని పాత ఎయిర్‌స్ట్రిప్‌లను బాగుచేసినా అలాంటి వాటికి సరిపోతాయి.

అటువంటి విమానాన్ని మన దేశమే తయారు చేస్తోంది. బెంగళూరు నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ వారి 'సారస్' 2004 మే 29న తొలిసారి ఎగిరింది. అనుకున్న ఖాళీ బరువు 4,125 కిలోలు, తయారయ్యాక తూగింది 5,118 కిలోలు. పద్నాలుగు మంది కోసం కట్టిన విమానం, ఒక్కరూ ఎక్కకముందే పద్నాలుగు మంది బరువును అదనంగా మోసిందన్నమాట! రెండో నమూనాలో బరువు తగ్గించారు. కానీ 2009 మార్చి 6న, గాలిలో ఆపిన ఇంజిన్‌ను తిరిగి స్టార్ట్ చేసే పరీక్షలో అది బెంగళూరు సమీపంలోని బిడది దగ్గర కూలిపోయింది. వైమానిక దళానికి చెందిన ఇద్దరు టెస్ట్ పైలట్లు, ఒక ఇంజినీరు ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ప్రాజెక్టు మూలనపడింది. 2018 జనవరిలో మెరుగుపరిచిన నమూనా మళ్లీ ఎగిరింది. ఇప్పుడు పందొమ్మిది సీట్ల మార్క్-2 పని నడుస్తోంది.

బరువు పెరగడం, పరీక్షలు ఆలస్యం కావడం ఏ దేశంలోనైనా ఉన్నదే. ఏళ్ల తరబడి పక్కన పెట్టేయడమే నన్ను బాధిస్తోంది. ఆ ముగ్గురూ ప్రాణం పెట్టిన పనిని సగంలో వదిలేయడానికి మనకు హక్కు లేదు.

మార్క్-2 ఎప్పుడు ఎగురుతుంది, విమానాల భద్రతను చూసే డీజీసీఏ ధ్రువీకరణ ఎప్పటికి వస్తుంది, ఏటా ఎంత నిధి ఇస్తారు? మన ఎంపీలు ఈ మూడు ప్రశ్నలు పార్లమెంటులో అడగాలి. ఈలోగా కాన్పూర్‌లో ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్ తయారుచేసే పందొమ్మిది సీట్ల డోర్నియర్-228ను మామునూరుకు తీసుకురావాలి. కిలోమీటరు లోపు రన్‌వే చాలు దానికి. 2022లో అరుణాచల్ ప్రదేశ్‌లో ప్రయాణికుల సర్వీసులోకి వచ్చింది కూడా. పాత రన్‌వేకు మరమ్మతు చేసి అనుమతులు తెచ్చుకుంటే, పొడిగింపు పూర్తయ్యేదాకా ఎదురుచూడకుండానే సర్వీసు మొదలుపెట్టవచ్చు.

– ఒక పాఠకుడు, హనుమకొండ