ట్యాంకరు అక్కరలేని తోటలు వేయించండి: పంచాయతీరాజ్ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ పంచాయతీరాజ్, గ్రామీణాభివృద్ధి శాఖ మంత్రి గారికి నమస్కారం.

దేవరకొండ వైపు మెట్ట సేద్యం చేసుకునే కుటుంబం మాది. మా ప్రాంతంలో ఒక ప్రభుత్వ కార్యాలయం ముందు పచ్చికను బతికించడానికి ఏటా ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకర్లు వస్తుంటాయి. అదే వీధిలో ఆడవాళ్లు ఖాళీ బిందెలతో నీళ్ల కోసం నిలబడి ఉంటారు. ఇది చూస్తూ ఊరుకోవడం నావల్ల కాలేదు.

నేను కోరేది ఒక్కటే. నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, నారాయణపేట జిల్లాల్లో ప్రభుత్వ ఆవరణలలో, పల్లె ప్రకృతి వనాల అంచుల్లో, రహదారుల పక్కన వాననీటితోనే బతికే తోటలు వేయించండి. ఆ తోటల్లో కిత్తనార (అగేవ్) మొక్కకు పెద్దపీట వేయండి.

కిత్తనార మనకు కొత్తది కాదు. దాని పుట్టిల్లు మెక్సికో అయినా, మన చేల గట్ల మీద కంచెగా ఎప్పటి నుంచో ఉంది. పశువులు దాని జోలికి పోవు. మట్టలను నానబెట్టి, చితక్కొట్టి, నార తీసి తాళ్లు పేనేవారు. ఔషధానికి వాడే కలబంద వేరు, ఇది వేరు.

ఎండను ఇది తట్టుకునే తీరు అబ్బురపరుస్తుంది. చాలా మొక్కలు పగటిపూట ఆకుల మీది సూక్ష్మరంధ్రాలు తెరుస్తాయి. అక్కడి నుంచే నీరు ఆవిరైపోతుంది. కిత్తనార వాటిని రాత్రి చల్లబడ్డాక తెరుస్తుంది. అప్పుడు పీల్చుకున్న బొగ్గుపులుసు వాయువును ఆమ్లంగా దాచుకుని, తెల్లవారాక రంధ్రాలు మూసేసి, ఎండ సాయంతో ఆహారం తయారుచేసుకుంటుంది. దళసరి మట్టలలో నీరు నిల్వ ఉంటుంది. వేళ్లు లోతుకు పోకుండా పైపైనే పరుచుకుని చిన్న జల్లును కూడా అందుకుంటాయి. అందుకే నీరు నిలవని మన ఎర్ర చెల్క నేలలు, మొరం దిబ్బలు దీనికి సరిపోతాయి. నల్లరేగడిలో మాత్రం నీరు నిలిచి మొదలు కుళ్లుతుంది. అలాంటి చోట మొరం, ఇసుక కలిపి ఎత్తుగా కట్ట పోసి నాటాలి. దీన్ని చంపేది ఎండ కాదు, అతిగా పోసే నీళ్లే. నాటే సిబ్బందికి ఈ సంగతి గట్టిగా చెప్పాలి.

మొక్కల కొనుగోలుకు పెద్దగా ఖర్చు కూడా ఉండదు. పెద్ద మొక్క చుట్టూ పిలకలు వస్తాయి. వాటిని వేరుచేసి, కోసిన గాయం ఆరేదాకా నీడన ఉంచి, తొలకరికి నాటితే చాలు. ప్రతి గ్రామానికీ నర్సరీ ఉంది కదా, ఈ పని అక్కడే అయిపోతుంది.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. మట్టల కొసన గట్టి ముల్లు ఉంటుంది, రసం తగిలితే చర్మం మండుతుంది. కాబట్టి బడుల ఆవరణలో, నడక దారుల పక్కన నాటకూడదు. కొన్ని రకాలు ఆరడుగుల వెడల్పుకు పెరుగుతాయి గనుక దూరం వదలాలి. ముళ్లు లేని రకాలు ఉన్నాయి గానీ వాటికి మన మే నెల ఎండలో కొంత నీడ కావాలి. ఇంకో మాట, కిత్తనార నీడనివ్వదు. వేప, కానుగ, రేల చెట్లు చేసే పని అది చేయలేదు. వాటి మధ్య ఖాళీల్లో మన రాష్ట్ర పుష్పం తంగేడుతో కలిపి నాటాలని నా అభిప్రాయం. కోనోకార్పస్‌ను ఎక్కడ పడితే అక్కడ నాటి, తరువాత వద్దనుకున్నాం. ఒకే మొక్కతో ఊళ్లు నింపే ఆ పొరపాటు మళ్లీ జరగకూడదు.

2018 నాటి పంచాయతీరాజ్ చట్టం నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలంటోంది. మంచి నియమమే. కానీ వాటిని బతికించడానికి ఎన్ని ట్యాంకర్లు పోశారో కూడా లెక్క రాయించండి. ఫ్లోరైడ్‌తో తరాలుగా ఎముకలు వంగిపోయిన మర్రిగూడ, నాంపల్లి మండలాలున్న జిల్లా మాది. ఇక్కడ మంచినీటి విలువ ఎవరూ చెప్పనక్కరలేదు. కిత్తనార చాలా ఏళ్ల తరువాత ఇరవై అడుగుల పూకాడ వేసి, పూసి చనిపోతుంది. దాన్ని చచ్చిన మొక్కగా రాసి పంచాయతీ కార్యదర్శికి నోటీసు ఇవ్వకుండా, చుట్టూ ఉన్న పిలకలను లెక్కలోకి తీసుకునేలా సూచన చేర్చండి.

ముందుగా జిల్లాకు ఒక మండల కార్యాలయాన్ని ఎంచుకోండి. అక్కడి పచ్చిక తీయించి, తొలకరికి ముందే మొరం పరిపించి, జూన్‌లో పిలకలు నాటించండి. వేరు పట్టేదాకా పదిహేను రోజులకోసారి నీళ్లు చాలు. రెండు వేసవులు గడిచాక మిగిలిన మండలాల సంగతి నిర్ణయించండి. మా గట్ల మీది పిలకలను ఉచితంగా ఇస్తాం. తవ్వుకెళ్లడానికి ఉపాధి హామీ కూలీలను పంపే ఉత్తర్వు ఇప్పించండి.

ఇట్లు,
దేవరకొండ ప్రాంత మెట్ట రైతు