విమానంలో బ్యాటరీలు: సామాను సర్దే ముందు చదవండి

మిత్రులారా, కెమెరాలు, డ్రోన్లతో విమానం ఎక్కేవాళ్లకు ఒక మనవి. విడి లిథియం బ్యాటరీలు (పరికరంలో బిగించనివి), పవర్ బ్యాంకులు చెక్ ఇన్ పెట్టెలో పెట్టకూడదు, చేతి సంచిలోనే ఉండాలి. క్యాబిన్‌లో పొగ వస్తే సిబ్బంది వెంటనే గమనించి నీళ్లు పోసి చల్లార్చగలరు. కింద సామాన్ల అరలో ఆ వీలు లేదు. అక్కడ మంటలార్పేందుకు వదిలే వాయువు మంటను అణచినా, బ్యాటరీ లోపల రాజుకునే వేడిని ఆపలేదు.

బ్యాటరీ మీద వాట్ అవర్ల అంకె, అంటే అందులో ఎంత శక్తి పడుతుందో చెప్పే అంకె, చూడండి. లేకపోతే వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణించండి: 3.7 వోల్టుల 20,000 ఎంఏహెచ్ (20 ఆంపియర్ అవర్ల) పవర్ బ్యాంకు అంటే 74 వాట్ అవర్లు. సాధారణంగా 100 దాకా ఇబ్బంది లేదు. 100 నుంచి 160 దాకా అయితే విమాన సంస్థ అనుమతి ముందే తీసుకోవాలి, విడివి రెండుకు మించకూడదు. 160 దాటితే కుదరదు. అంకెలు చెరిగిపోయిన బ్యాటరీని నేనైతే ఇంట్లోనే వదిలేస్తాను.

లోహపు కొసలకు టేపు అంటించండి, తాళంచెవి తగిలినా షార్ట్ అవుతుంది. ఉబ్బిన బ్యాటరీ అసలు తేవద్దు.

చాలామంది మరిచిపోయేది ఒకటుంది. విమానం తలుపు దగ్గర చేతి సంచిని కిందికి పంపుతామంటే, అప్పగించే ముందే బ్యాటరీలు తీసి దగ్గర పెట్టుకోండి. అందుకే నేను వాటన్నిటినీ ఒకే చిన్న సంచిలో, చేతికందేలా పైనే ఉంచుతాను.