ఫలకం చేతికిచ్చి ఫోటో దిగితే సరా?

సంపాదకులు గారికి,

క్రైస్తవ విశ్వవిద్యాలయాలు సేవ చేసిన పూర్వ విద్యార్థుల్ని పిలిచి సన్మానిస్తుంటాయి, మంచిదే. కానీ ఆ వార్తల్లో అవార్డు పేరుంటుంది, ఫోటో ఉంటుంది, ఆ మనిషి ఏం చేశాడన్నది మాత్రం ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నాకు చిరాకు అక్కడే.

విలియం ఫేగీ సంగతే చూడండి. అమెరికాలోని పసిఫిక్ లూథరన్ యూనివర్సిటీలో 1957లో డిగ్రీ పూర్తి చేసి, తర్వాత డాక్టరై, చర్చి తరఫున నైజీరియా వెళ్లారు. 1966 డిసెంబరులో అక్కడ మశూచి బయటపడింది, అందరికీ వేద్దామంటే టీకాలు చాలవు. ఆయన రాత్రిపూట రేడియోలో చుట్టుపక్కల మిషనరీలతో మాట్లాడి, ఏ ఊళ్లో రోగులున్నారో మనుషుల్ని పంపి కనుక్కోమన్నారు, ఆ రోగుల చుట్టూ ఉన్నవాళ్లకే ముందు టీకాలు వేయించారు. వ్యాధి ఆగిపోయింది! ఇదే పద్ధతి తర్వాత మన దేశంలోనూ పనిచేసింది, 1975లో ఇక్కడ మశూచికి తెరపడింది, 1980లో ప్రపంచం నుంచే పోయిందని ప్రకటించారు. 2012లో ఆయనకు అమెరికా ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ దక్కింది.

ఆ రేడియో ముచ్చట పతకం కన్నా గొప్పగా లేదూ? సన్మానం చేసే యూనివర్సిటీలు ఉపన్యాసాలు తగ్గించి, వచ్చినవాళ్లను ఓ గంట విద్యార్థుల మధ్య కూర్చోబెట్టాలి, ఎక్కడ తప్పు చేశారో కూడా చెప్పమనాలి. భారీ విరాళం ఇచ్చినవాళ్లకూ, పేరు తెలియని ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు పనిచేసిన నర్సుకూ ఒకే వేదిక మీద ఒకే అవార్డు ఇవ్వడం కూడా నాకు నచ్చదు. దాతలకు వేరే రోజు పెట్టుకోండి.

- ఒక పాఠకుడు