మనవాడికో వచనం, ఎదుటివాడికో వచనం

సంపాదకులకు నమస్కారం.

తెలుగు క్రైస్తవ బోధకులు యూట్యూబ్‌లో ఒకరినొకరు తిట్టుకుంటున్న తీరు మీద మీ పత్రికలో వచ్చిన వార్త చదివాను. అందులో దాన్ని సిద్ధాంతాల గొడవగా రాశారు. బాప్తిస్మం యేసు నామంలో ఇవ్వాలా, తండ్రి కుమార పరిశుద్ధాత్మల నామంలో ఇవ్వాలా, పరిశుద్ధాత్మ ప్రేరణతో తెలియని భాషలు మాట్లాడే వరం ఇప్పటికీ ఉందా, స్త్రీలు ప్రసంగించవచ్చా, ఇవే కారణాలన్నారు. పెరంబూరులో ఒక తెలుగు బాప్టిస్టు సంఘంలో చాలా ఏళ్లుగా సండే స్కూల్ చెబుతున్నాను. ఈ వీడియోలు చూసే పిల్లలూ పెద్దలూ రోజూ నా చుట్టూ ఉంటారు. నాకు తెలిసినంతలో సిద్ధాంతం పైపైనే ఉంది. ఒక బోధకుడి మీద ఆరోపణ వస్తే ఏం జరిగిందని ఎవరూ అడగడం లేదు, ఆయన ఎవరి మనిషి అని అడుగుతున్నారు. మనవాడైతే ఒక వచనం తీస్తున్నారు, ఎదుటివాడైతే ఇంకో వచనం తీస్తున్నారు.

ఉత్తర చెన్నైలో మా తెలుగు విశ్వాసులకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో ఒక పెద్దాయన, మంచి మనిషి. మావాళ్లెవరైనా ఆసుపత్రిలో చేరారంటే అందరికంటే ముందు వెళ్లి ప్రార్థన చేసి వచ్చేది ఆయనే. ఆమధ్య తనకు గిట్టని వర్గం బోధకుడు కానుకల డబ్బు వాడుకున్నాడని ఒక వీడియో వచ్చింది. ఆయన వెంటనే గ్రూపులో పెట్టారు: ‘అబద్ధ బోధకుడి బండారం బయటపడింది. ప్రతి విశ్వాసికీ షేర్ చేయండి.’ కింద మొదటి తిమోతి 5:20. పాపం చేసేవాళ్లను అందరి ఎదుటా గద్దించమని చెప్పే వచనం. కొన్ని వారాలకు ఆయన ఎంతో అభిమానించే ఇంకో బోధకుడి మీద నర్సింగ్ చదివే ఒక అమ్మాయి ఫిర్యాదు చేసింది. అప్పుడు అదే చేత్తో పెట్టిన మెసేజ్: ‘నేను అభిషేకించినవారిని ముట్టకూడదు. కీర్తన 105:15. దయచేసి ఎవరూ ఫార్వర్డ్ చేయవద్దు. ఇద్దరు ముగ్గురు సాక్షులు లేనిదే పెద్దల మీద మాట వినకూడదు. మొదటి తిమోతి 5:19.’ చూడండి, అపొస్తలుడు పౌలు తిమోతికి రాసిన ఒకే ఉత్తరంలో, ఒకే అధ్యాయంలో, పక్కపక్కనే ఉన్న రెండు వచనాలు. 20 ఎదుటివాళ్లకు, 19 మనవాళ్లకు. పౌలు ఆ రెండూ ఒకే మనిషికి రాశాడు, రెండూ కలిపి పాటించమనే రాశాడు.

ఆ అమ్మాయి వాళ్ల అమ్మ నాకు తెలుసు. ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టింది. మొదట్లో ‘వాక్యం చదువుకున్నావా తల్లీ’ అని పగటిపూట ఆ బోధకుడి నుంచి వచ్చిన మెసేజ్‌లు. తర్వాత అవే రాత్రి పన్నెండు దాటాక రావడం మొదలైంది. ‘నిద్ర పట్టడం లేదు, నీ కోసమే ప్రార్థన చేస్తున్నాను.’ ఆ తర్వాత ఫోటో పంపమని. అమ్మాయి జవాబివ్వడం మానేసినా ఆయన మానలేదు. ఏ ఊరి బోధకుడో, ఏ సంఘమో ఇక్కడ రాయను. విచారణ చేయాల్సినవాళ్లకు ఆ వివరాలన్నీ ఇచ్చారు.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఆ తర్వాత జరిగినది. ఆయన అభిమానులు ఆ పిల్లను యెజెబెలు (బైబిల్లో దుష్టురాలిగా పేరుపడ్డ రాణి) అన్నారు, అది ఊహించిందే. ఆయన్ని వ్యతిరేకించే ఛానల్ వాళ్లు ఆమె పక్షాన నిలబడతారని తల్లి ఆశపడింది. వాళ్లు ఎలాగో ఆ చాట్ స్క్రీన్‌షాట్లు సంపాదించి, పేరు సగం మాత్రమే చెరిపి, ఆయన ముఖానికి ఎర్ర బాణం గుర్తు పెట్టి, ‘దిమ్మతిరిగే ఆధారాలు’ అని తంబ్‌నెయిల్ వేశారు. లైవ్‌లో హాస్టల్ ఏ ఏరియాలో ఉందో కూడా చెప్పేశారు. తీసేయమని తల్లి ఫోన్ చేసి ఏడిస్తే, ‘సత్యం బయటికి రావాలి కదమ్మా’ అన్నారట. వాళ్ల వర్గంలోనే ఇలాంటి ఫిర్యాదు ఒకటి వచ్చినప్పుడు ఆ ఛానల్ నోరు మెదపలేదు. అంటే ఆ అమ్మాయి మీద వాళ్లకు జాలి లేదు. శత్రువును కొట్టడానికి వాళ్ల చేతికి ఆమె అందింది, అంతే. రెండు వర్గాల మధ్య ఒక పిల్ల నలిగిపోయింది. చదువు మధ్యలో ఆపేసి కొన్నాళ్లు నెల్లూరులో మేనమామ ఇంట్లో ఉండాల్సి వచ్చింది.

అభిషిక్తుణ్ణి, అంటే దేవుడు ఏర్పరచుకున్నవాణ్ణి, ముట్టకూడదని చెప్పేవాళ్లు ఆ కీర్తన ముందు వచనాలు కూడా చదవాలి. అక్కడ ఉన్నది అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు. కొద్దిమంది, పరదేశులు, సొంత నేల లేక ఒక రాజ్యం నుంచి ఇంకో రాజ్యానికి తిరుగుతున్నవాళ్లు. వాళ్లకు హాని చేయొద్దని దేవుడు రాజులను గద్దించాడు. అది బలవంతుడి చేతి నుంచి బలహీనుణ్ణి కాపాడిన మాట. వేలమంది అభిమానులున్న బోధకుణ్ణి ఒక విద్యార్థిని ప్రశ్న నుంచి కాపాడటానికి దాన్ని వాడటం నాకు భయం కలిగిస్తోంది. తనను చంపాలని తరుముతున్న సౌలు రాజును దావీదు ముట్టలేదంటారు. నిజమే, చంపలేదు. కానీ గుహలోంచి బయటికి వచ్చి, సౌలు వెంట వచ్చిన మూడు వేలమంది వినేలా, నన్నెందుకు తరుముతున్నావని గట్టిగా అడిగాడు. అదే దావీదు రాజయ్యాక తప్పు చేస్తే, ‘ఆ మనుష్యుడవు నీవే’ అని నాతాను ప్రవక్త ముఖం మీదే చెప్పాడు. నాతానును అభిషిక్తుడికి విరోధి అని ఎవరూ అనలేదు.

ఇదంతా చదువులేని కొత్త బోధకుల వల్ల వచ్చిందని, ఇంగ్లీషులో మాట్లాడే పెద్ద పెద్ద సంస్థల్లో ఇలా ఉండదని మా యువకులు కొందరు అంటున్నారు. వాళ్లకు రవి జకరియాస్ సంగతి గుర్తుచేయాలి. ఆయన 1946లో ఈ మద్రాసులోనే పుట్టారు. విశ్వాసాన్ని తర్కంతో సమర్థించడంలో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నారు. 2017లో కెనడాకు చెందిన ఒక స్త్రీ ఆయన ప్రవర్తన గురించి న్యాయవాది ద్వారా ఫిర్యాదు చేస్తే, ఆయన తిరిగి ఆమె మీదే కేసు వేశారు. అది ఎవరూ నోరు విప్పకూడదన్న ఒప్పందంతో ముగిసింది. ఆమె డబ్బు కోసమే చేసిందని నమ్మినవాళ్లు లెక్కలేనంతమంది. ఆయన 2020 మే నెలలో చనిపోయారు. ఆయన సంస్థే ఒక న్యాయవాద సంస్థతో విచారణ చేయిస్తే, 2021 ఫిబ్రవరిలో వచ్చిన నివేదిక ఆయన ఎంతోమంది స్త్రీల పట్ల తప్పుగా ప్రవర్తించారని తేల్చింది. అప్పుడు ఆ కెనడా స్త్రీకి సంస్థ క్షమాపణ చెప్పింది. ఆమె మాట నిజమని ఒప్పుకోవడానికి మూడేళ్లు దాటింది. వాదనలో గెలవడం తెలిసిన మనిషి కాబట్టే అంతమంది ఆయన వైపు నిలబడ్డారని నా అభిప్రాయం.

అమెరికాలో అతి పెద్ద ప్రొటెస్టెంట్ సమాఖ్య సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్. లైంగిక వేధింపుల ఆరోపణలున్న 700 మందికి పైగా పేర్లను దాని కార్యాలయంలో ఏళ్ల తరబడి జాబితాగా రాసుకుని, బయటికి చెప్పకుండా ఉంచారని 2022లో తేలింది. స్థానిక సంఘాలు స్వతంత్రమైనవి, మేం కలగజేసుకోలేం అనేది అంతవరకూ వాళ్లు చెప్పిన సాకు. మరుసటి ఏడాదే స్త్రీలను పాస్టర్లుగా పెట్టుకుందని సాడిల్‌బ్యాక్ అనే పెద్ద సంఘాన్ని బయటికి పంపారు. అక్కడ స్వతంత్రం అడ్డు రాలేదు. రాజకీయాల్లోనూ ఇంతే. అధ్యక్షుడు క్లింటన్ లైంగిక వ్యవహారం నలుగుతున్న 1998లో ఇదే సమాఖ్య, పదవుల్లో ఉన్నవాళ్లకు శీలం ముఖ్యమని తీర్మానం చేసింది. వ్యక్తిగతంగా అనైతికంగా ఉన్న నాయకుడు కూడా పదవిలో నీతిగా పనిచేయగలడా అని 2011లో సర్వే చేసినప్పుడు, అక్కడి తెల్ల ఎవాంజెలికల్స్‌లో (బైబిల్‌కే పెద్దపీట వేసే ప్రొటెస్టెంట్లలో) 30 శాతం మంది చేయగలడన్నారు. 2016లో ట్రంప్ పోటీ చేస్తున్నప్పుడు ఆ సంఖ్య 72 శాతానికి చేరింది. ఆ అయిదేళ్లలో బైబిల్ మారలేదు, అభ్యర్థి మారాడు.

మా ముత్తాతల వైపు వాళ్లు ఒంగోలు ప్రాంతం మాదిగలు. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని వాళ్లకు పని, కూడు చూపించారు. బియ్యం కోసం మతంలోకి వచ్చారనే మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపారు. ఆ తర్వాత 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. అంతకుముందు ఒక సంగతి జరిగింది. మాదిగలను చేర్చుకుంటే పై కులాల పిల్లలు బడి మానేస్తామన్నారు. ఎటు నిలబడాలో తేలక క్లౌ దొరగారు, ఆయన భార్య విడివిడిగా బైబిల్ తెరిస్తే, ఇద్దరికీ మొదటి కొరింథీ ఒకటో అధ్యాయమే వచ్చిందట. దేవుడు గొప్ప వంశం వాళ్లను ఎక్కువమందిని పిలవలేదు, బలహీనులను ఏర్పరచుకున్నాడు అనే భాగం. ఆ అధ్యాయమే మాకు తలుపు తెరిచింది. ‘నేను పౌలువాడను, నేను అపొల్లోవాడను, నేను కేఫావాడను’ అని కొట్టుకుంటున్నవాళ్లను పౌలు మందలించింది కూడా అదే అధ్యాయంలో. దాని వల్ల నిలబడ్డ మేం, ఇవాళ ఫలానా అయ్యగారి వాళ్లం అని చెప్పుకుంటూ ఒకరి పెళ్లికి ఒకరం వెళ్లడం మానేశాం. మా బంధువుల్లోనే తోడల్లుళ్లు ఇద్దరు బాప్తిస్మ నామం మీద మాటలు మానేశారు. మొన్న వ్యాసర్‌పాడిలో జరిగిన పెళ్లిలో ఒకాయన భోజనానికి కూడా కూర్చోలేదు. వాదించుకోవడం తప్పని నేను అనను. బాప్తిస్మం గురించి ఎంతసేపైనా వాదించుకోవచ్చు. ఒరేయ్, తురేయ్ అనకుండా, ఎదుటివాడి భార్యను గొడవలోకి లాగకుండా వాదించుకోవచ్చు.

ఇక చేయాల్సిన పనులు. నేను రైల్వే అకౌంట్స్‌లో పనిచేసి రిటైర్ అయ్యాను కాబట్టి డబ్బు దగ్గర మొదలుపెడతాను. డిబేట్ నడుస్తున్నంతసేపూ స్క్రీన్ కింద ఒక క్యూఆర్ కోడ్ ఉంటుంది. స్కాన్ చేస్తే సంఘం పేరు వస్తోందా, ఒక మనిషి పేరు వస్తోందా చూడండి. మనిషి పేరు వస్తే, అది ఏ వర్గమైనా సరే, డబ్బు పంపకండి. తిట్లకు గిరాకీ ఉన్నంతకాలం తిట్లు ఆగవు.

విశ్వాసులు కోర్టుకు వెళ్లకూడదని మొదటి కొరింథీ ఆరో అధ్యాయం చూపించి తల్లిదండ్రుల నోరు మూయిస్తున్నారు. అన్యాయం జరుగుతుందనుకున్నప్పుడు పౌలు రోమా చక్రవర్తి కైసరు దగ్గరే చెప్పుకుంటానన్నాడు. 18 ఏళ్లలోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. దాచడం కూడా నేరమే. అది పాస్టర్‌కూ వర్తిస్తుంది, సండే స్కూల్ టీచర్‌కూ వర్తిస్తుంది. 10 మంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట స్త్రీల ఫిర్యాదులు వినే కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. తక్కువమంది ఉంటే జిల్లాలో లోకల్ కమిటీ ఉంటుంది. బడీ, హాస్టలూ, ఆఫీసూ నడిపే మన సంఘాల్లో ఆ కమిటీ ఉందా అని అడిగితే చాలామంది పెద్దలు నా వైపు వింతగా చూశారు.

మా సంఘం కమిటీకి ఈమధ్య రాసి ఇచ్చాను. బయటి బోధకుణ్ణి పిలిచే ముందు ఆయన మీద ఫిర్యాదులేమైనా ఉన్నాయా అని విచారించాలి. ఆరోపణ వస్తే తేలేవరకూ పుల్పిట్ ఎక్కించకూడదు, అది మా సొంత పాస్టర్‌ గారైనా సరే. విచారణలో సంఘానికి సంబంధం లేని ఒక మహిళా న్యాయవాది ఉండాలి. ఫిర్యాదు చేసిన పిల్ల పేరు, ఫోటో, చాట్ ఎవరు గ్రూపులో పెట్టినా వాళ్లను ఆ రోజే తీసేయాలి. జనరల్ బాడీ సమావేశంలో చర్చిస్తామన్నారు. చెన్నైలోని మిగతా తెలుగు సంఘాలు కూడా ఇవి తమ సమావేశాల్లో పెట్టాలని కోరుతున్నాను.

మీకూ ఒక మనవి. ఇలాంటి వార్త ఇంకోసారి వేసేటప్పుడు ఎవరు ఎవరిని ఎంత ఘాటుగా తిట్టారో రాయకండి. ఫిర్యాదు ఎవరికి ఇచ్చారు, ఎవరు విచారించారు, ఏం తేలింది అన్నది కనుక్కుని రాయండి.

ఇట్లు,
ఒక సండే స్కూల్ టీచర్,
పెరంబూరు, చెన్నై.